పచ్చగుట్ట వంతులు

ఆ పొద్దు తెల్లారేటప్పటికి ఆకాశంలో మబ్బులుండినాయి. బేతంచెర్ల పక్క నుంచి తెల్లగా, ఏకిన దూది ముద్దల మాదిరి వచ్చి మా ఊరి మీద నిలబడినాయి. వాన మబ్బులు కాదు. చైత్రంలో మా ప్యాపిలి పక్క మబ్బు రావడమంటే, చుట్టం గడప దాకా వచ్చి, చెప్పులు విడవకుండానే, ఇంకో ఊర్లో పనుందని వెనక్కి తిరగడమే. పొద్దు గుట్టెక్కేలోపల ఒక్కటీ మిగల్లేదు. అవి పోయేదాకా బాయి గట్టు మీద నిలబడి చూసినాను.

"చూసింది చాల్లే అల్లుడా, ఫీజులు పెట్టు," అన్నాడు జిలాని బాషా మామ.

బాషా మామ నాకు చుట్టం కాదు, బాయిలో భాగస్తుడు. ఆ బాయి మా నాయన, వాళ్ల నాయన కలిసి తవ్వించింది. రెండు చేన్ల మధ్య గట్టు మీద ఉండాది. ఒక దినం నీళ్లు ఆయనకు, ఒక దినం నాకు. పొద్దు పొడిచేటప్పటికి వంతు మారుతుంది. మోటరు రూము బీగంచెవి వాళ్లింట్లో ఉంటుంది. మోటరుకు కరెంటు అందించే ఫీజులు మా ఇంట్లో ఉంటాయి. ఆయన రాకపోతే తలుపు తెరుచుకోదు, నేను రాకపోతే మోటరు తిరగదు. పెద్దోళ్లు ఒకరినొకరు నమ్మక పెట్టుకున్న పద్ధతి అది. దాని పుణ్యాన మేమిద్దరం ప్రతి తెల్లవారీ ఒకరి మొహం ఒకరు చూస్తాం. మాట్లాడుకునేది తక్కువ. ఆయన దగ్గుతాడు, నేను సరే అంటాను, పని అయిపోతుంది.

ఆ సంవత్సరం, అంటే రెండువేల ఆరులో, నా చీనీ చెట్లు, అంటే బత్తాయి, మొదటి కాపు పట్టినాయి. వాటిని నా భార్య ఈరక్క, నేను బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్నాం. కాయ అప్పుడు గోలీ అంత ఉండాది. ఆ ఎండల్లో వరసగా కొన్నాళ్లు తడి తప్పిందంటే కాయంతా రాలిపోతుంది. నాకు వేరే బాయి లేదు. బాషా మామ టమోటా మడికీ అదే బాయి.

నీళ్లు పారగట్టి ఇద్దరం డోను బస్సెక్కినాం. పైపులంగడి కేశవయ్య శెట్టి రమ్మని కబురు పెట్టినాడు. పోయిన దసరాకు ఆయన దగ్గర డ్రిప్పు పైపులు కొన్నాం. బాయి ఒకటే గనక బిల్లు ఒకటే, దాని మీద పేర్లు రెండు. ఆ బిల్లుకు లక్కీ డ్రా చీటీ ఒకటి ఇచ్చినారు. మూడో బహుమతి మందు కొట్టే స్ప్రేయరు. దానికోసం నేను మద్దిలేటి సామికి మొక్కుకున్నాను, మామ దర్గాకు మొక్కుకున్నాడు. ఇద్దరి మొక్కులూ కలిసేటప్పటికి ఒక మెట్టు ఎక్కువైనట్టుంది. రెండో బహుమతి వచ్చింది.

"ల్యాప్‌టాప్!" అన్నాడు శెట్టి, గల్లా మీద పెట్టిన అట్టపెట్టెను తట్టి.

మామ పెట్టెను చుట్టూ తిరిగి చూసినాడు. "ఎన్ని లీటర్లు పడ్తాది శెట్టీ?"

"లీటర్లు కాదు బాషా. కంప్యూటరు. ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు."

"ఒళ్లో ఎందుకు? కింద పెడితే ఏడుస్తాదా?"

అంగట్లో ఉన్నోళ్లంతా నవ్వినారు. మామ నవ్వలేదు. ఆయన నిజంగానే అడిగినాడు.

"స్ప్రేయరు ఎవురికొచ్చె?" అని నేనడిగినాను.

"నంద్యాల డాక్టరు ఒకాయనకు."

"మార్చుకుంటాడేమో అడగరాదా?"

"ఆయన దాన్ని తోటమాలికి ఇచ్చేసినాడంట," అన్నాడు శెట్టి. అది విన్నాక మామ చాలాసేపు బయట రోడ్డు చూస్తా కూర్చున్నాడు.

అమ్మేద్దామా అని ఆయన మనసులోనూ ఉండాది, నా మనసులోనూ ఉండాది. ముందు అన్నోడు లేనోడు అయిపోతాడని ఎవరమూ అనలేదు. మా మొహాలు చూసి శెట్టే అన్నాడు. "ఇప్పుడే అమ్మేది లేదప్పా. ఈ నెలలో కంపెనీ ఆయన వస్తాడు. మీ బాయికాడ, పైపుల్లో నీళ్లు కారుతాంటే, మీరిద్దరూ దీన్ని పట్టుకొని నిలబడితే ఫోటో తీస్తాడు. క్యాలెండర్లో వేస్తారు. అందాక ఇది మీ కాడ్నే ఉండాల. లేకపోతే నా అంగడి పరువు పోతాది."

శెట్టి కూతురు అమూల్య కర్నూల్లో కంప్యూటర్లే చదువుతాండాది. సెలవలకు వచ్చిన పిల్ల, మాకు ఓపికగా చూపించింది. మూత ఇట్ల తెరవాలి, ఈడ ఒత్తాలి. కాసేపు ముట్టుకోకపోతే మసకబారుతుంది, ఈ పలక మీద వేలు పెడితే మళ్లీ వెలుగొస్తుంది. ఈ వైరు పెట్టి కరెంటు నింపుకోవాలి. నింపితే రెండు గంటలొస్తుంది.

"రెండు గంటలేనామ్మా?" అన్నాడు మామ. "మా బాయే నయం."

బస్సులో దాన్ని ఇద్దరి ఒళ్లోనూ పడేటట్టు పెట్టుకున్నాం. సంచి పట్టీలు రెండు. ఒకటి ఆయన పట్టుకున్నాడు, ఒకటి నేను పట్టుకున్నాను. కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టాల్నా వద్దా అని కొంచెంసేపు ఆలోచించినాడు.

ఊర్లో దిగి ఎవరింటికీ పోలేదు. నేరుగా బాయికాడికే పోయినాం. మేమిద్దరం ఏది పంచుకున్నా ఆడ్నే. మోటరు రూములో బండ మీద పెట్టి మూత తెరిచి ఒత్తినాం. లోపల ఏదో గాలి పీల్చుకొని వదిలినట్టు సద్దు చేసింది. మామ ఒక అడుగు వెనక్కేసినాడు. నేను వేయలేదు, నా వెనక గోడ ఉండాది.

ముందు అక్షరాలు చూసినాను. బడిలో మా అయ్యవారు దెబ్బలు కొట్టి నేర్పించిన ఏబీసీడీ వరసను ఎవరో పూర్తిగా చెరిపి, తోచినట్టు చల్లినారు. అంత చదువుకున్నోళ్లు చేసిన మిషనులో ఇంత అజాగ్రత్త ఏందని అనుకుంటాంటే అద్దంలో వెలుగొచ్చింది.

పచ్చగుట్ట ఒకటి కనపడింది.

మా పక్క గుట్టలు నాకు తెలుసు. రాయి, బోదగడ్డి, తుమ్మ కంప, అక్కడక్కడా మేకలు. ఇది అట్ల లేదు. కింది నుంచి పై దాకా పచ్చగడ్డి, ఎక్కడా రాయి లేదు. ఒక పక్కకు మెల్లగా వాలి ఉండాది. పైన నీలంగా ఆకాశం, తెల్ల మబ్బులు.

"ఇది యా ఊరప్పా?" అన్నాడు మామ.

"తెలీదు."

"మన పక్క కాదు."

"కాదు."

మామ వంగి, కండ్లు చికిలించి, అద్దమంతా గాలించినాడు. "ఒక్క గొర్రె ల్యా సుంకప్పా. ఇంత గడ్డి పెట్టుకొని ఒక్క గొర్రెను తోలలేదంటే వాడేం మనిషి?"

"కంచె గూడా ల్యా మామా."

"బాయి యాడుండాది? నీళ్లు ల్యాకుండా ఇంత గడ్డి యాడనుంచి వచ్చె?"

"శ్రీశైలం నీళ్లేమో."

"శ్రీశైలం నీళ్లు పక్కనుండే మనకే రాలేదు, వానికెట్ల పోతాయిబ్బా?"

నేను ఆ మబ్బులను చూస్తాండాను. అదే తెలుపు, అవే ముద్దలు.

"పొద్దున మన మీదికి వచ్చి పోయినవి ఈడికే వచ్చినట్టుండాయి మామా," అన్నాను.

మామ దగ్గినాడు. అంటే సరే అని.

తర్వాత అసలు పంచాయితీ మొదలైంది. అది ఎవరింట్లో ఉండాలి? పెద్దగా మాట్లాడుకునేది లేకపోయింది. బాయి పద్ధతి ఉండనే ఉండాది. ఒక దినం ఆయనకు, ఒక దినం నాకు, పొద్దు పొడిచేటప్పటికి వంతు మారాలి. బాయికి ఫీజులు ఎట్లనో దీనికి వైరు అట్ల గనక వైరు మా ఇంట్లో. సంచి వాళ్లింట్లో. వైరు నా కాడ ఉండేటప్పటికి, ఆయన వంతుకు మిషను నిండుగా నింపి ఇచ్చే పూచీ నాది. పెట్టెలో తోక ఉండే బిళ్ల ఒకటి కూడా వచ్చింది. అది దేనికో ఇద్దరికీ గుర్తు లేదు. రూములో మేకుకు తగిలించినాం.

ఇట్ల కొన్నాళ్లు బాగానే జరిగింది.

నా వంతు దినం తోటలోంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, దాని ముందర కూర్చునేవాణ్ని. ఏమీ ఒత్తను. గుట్టను చూస్తాను. ఆ వాలు మీద చీనీ పెడితే ఎన్ని వరసలొస్తాయి, ఏ పక్క నుంచి ఎండ పడుతుంది, అని చూసుకుంటాను. మా ఇంట్లోకి వచ్చినోళ్లు, "ఏం చేస్తాండావు సుంకప్పా?" అంటే, "కంప్యూటరు చూసుకుంటాండా," అనేవాణ్ని. ఊర్లో నాకు కొంచెం మర్యాద పెరిగింది. కరెంటు బిల్లు తప్పొచ్చిందని ఒకాయన నా దగ్గరికి తెచ్చి చూపించినాడు. నేను గుట్ట వైపు చూసి, బిల్లు వైపు చూసి, ఆఫీసులో అడగమన్నాను. ఆయన తృప్తిగా పోయినాడు.

బాషా మామ దాంతో ఏం చేస్తాండాడో నాకు తెలీదు. ఆయనింటి నుంచి వచ్చిన దినం మిషను మీద పిల్లి వెంట్రుకలు ఉండేవి. ఎచ్చగా ఉంటుందని పిల్లి దాని మీద పండుకుంటుందని ఆయన భార్య బీబమ్మత్త చెప్పింది. అద్దం మీద ఒక వేలి గుర్తు కూడా ఉండేది. ప్రతిసారీ ఒకే చోట, గుట్ట వాలు దిగి చదునయ్యే మూలన. ఈరక్క దాన్ని కొంగుతో తుడిచేది. మళ్లీ వంతుకు మళ్లీ అక్కడే వచ్చేది.

ఒక శుక్రారం వచ్చింది. నా వంతు. మరుసటి పొద్దు మామకు ఇయ్యాలి. పగలంతా వైరు పెట్టి నిండుగా నింపినాను. సందకాడ నేను గొర్రెలకు మేత వేసి వచ్చేటప్పటికి ఈరక్క దేవుని గూట్లో దీపం పెట్టి, పక్కన పీట వేసి, దాని మీద ఈ మిషను తెరిచి పెట్టింది. మూతకు పసుపు, కుంకుమ బొట్టు. గుట్ట వెలుగుతాండాది.

మూయబోయినాను. చెయ్యి మీద కొట్టింది.

"శుక్రారం పూట, దీపాలు పెట్టినాక, వెలిగే దాన్ని ఆర్పుతావా? సిగ్గులేదూ?"

"రేపు బాషా మామకు నిండుగా ఇయ్యాల ఈరక్కా."

"మళ్లా నింపు. వైరు మన కాడ్నే ఉండాది గదా."

ఆ మాట కూడా నిజమే. ఊరుకున్నాను. ఆమె సన్నికల్లు ముందర కూర్చొని పచ్చడి నూరుతా, అది మసకబారినప్పుడల్లా ఎడమచేతి వేలు తుడుచుకొని, ప్రమిదలో వత్తి ఎగదోసినట్టు ఆ పలక మీద పెట్టి వెలిగించేది. అంతలో కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి, గుట్ట ఒక్కటే పచ్చగా ఉండాది. ఆమెకు ఇంకా సంబరమైంది. మేం అన్నాలు తిని చేతులు కడిగేటప్పటికి అది కూడా ఆరిపోయింది.

ఈరక్క మొహం చూడాల్సింది. శుక్రారం పూట ఇంట్లో దీపం తనంతట తాను ఆరింది. చెడ్డ గుర్తు. నా చెయ్యి పట్టుకొని ఒట్టేయించుకుంది. "ఇది ఎవురికీ చెప్పగూడదు. బాషా మామకు గూడా."

"చెప్పను."

చెప్పకుండా ఉండటం నాకు కష్టమైన పని కాదు.

కరెంటు తెల్లారినా రాలేదు. పొద్దు పొడిచింది, వంతు మారింది. బాయికాడ మిషను ఆయన చేతిలో పెట్టినాను. ఆయన ఆడనే, బీబమ్మత్తకు చూపించాలని, మూత తెరిచి ఒత్తినాడు. నల్లగా ఉండాది. మళ్లీ ఒత్తినాడు. నా మొహం చూసినాడు.

"అడుగంటా తోడుకొని ఇస్తాండావా అల్లుడా?"

జరిగింది చెబుదామనుకున్నాను. ఒట్టు గుర్తుకొచ్చింది.

"కరెంటు ల్యా మామా," అన్నాను.

"నిన్న పగలంతా ఉండె గదా?"

నేను చేతిలోని ఫీజులు చూసుకున్నాను. ఆయన మిషను సంచిలో పెట్టుకొని, మోటరు రూముకు బీగం వేసి, చెవి నడుముకు దోపుకొని, ఇంటికి పోయినాడు. ఆ దినం బాయి వంతు నాది.

మరుసటి పొద్దు నేను ఫీజులు తీసుకొని పోయినాను. ఆయన రాలేదు. మిషనూ రాలేదు. ఆ తర్వాతి పొద్దూ అంతే. వంతు ఎవరిదైనా తలుపు తెరుచుకోవాలి, తెరుచుకోలేదు. ఆయన టమోటా మడి కూడా నా చెట్లతోపాటే వాడిపోతాండాది. ఆయన గట్టు మీద నిలబడి తన మడి చూసుకొని, నా తోట చూసి, తిరిగి పోయేవాడు. రెండూ ఒకే మాదిరి ఉండేటప్పటికి కొంచెం శాంతించినట్టు కనపడేవాడు.

పోయి చెబుదామంటే ఒట్టు. ఒట్టు లేకపోయినా, ముందుగా నేను పోవడం నాకు ఇష్టంలేదు. తన వంతు అయిపోయినాక కూడా ఆయన ఎన్నిసార్లు నా నీళ్లు పొద్దు తిరిగే దాకా లాగలేదు? అప్పుడు నేను బీగం వేసినానా?

చీనీ ఆకు దోనె మాదిరి ముడుచుకుంది. చెట్ల కింద నిలబడితే ఒక్కొక్క కాయ టప్‌మని పడేది. పెద్ద సద్దేం కాదు. కానీ ఇంట్లో అన్నం ముందర కూర్చున్నా వినపడేది. ఈరక్క పొద్దున పోయి రాలిన కాయలు ఏరుకొచ్చి, ఏం చేయాలో తెలియక, చేటలో పోసి గూట్లో పెట్టేది. ఆ చేట వైపు చూడకుండా నేను తలుపు దాటేవాణ్ని.

అట్లాంటప్పుడు శెట్టి కబురొచ్చింది. రేపు కంపెనీ ఆయన ఫోటోకు వస్తాండాడు. బాయికాడ ఉండాలి.

పొద్దున నేను ఫీజులు, వైరు తీసుకొని పోయినాను. మామ చెవి, సంచి తీసుకొని వచ్చినాడు. ఇద్దరం ఉతికిన తెల్లచొక్కాలే వేసుకున్నాం. రూముకు ఈ పక్క ఒకరం, ఆ పక్క ఒకరం నిలబడినాం. జీపులోంచి దిగినాయన పేరు కిరణ్‌కుమార్. కర్నూలు ఆఫీసు. నున్నటి బూట్లు, మెడలో కెమెరా.

"ముందు నీళ్లు ఆన్ చేయండి," అన్నాడు.

మామ బీగం తీసినాడు. నేను ఫీజులు పెట్టినాను. మోటరు తిరిగింది. నీళ్లు పైపుల్లోకి పోయే సద్దు విని నేను కండ్లు మూసుకున్నాను. తెరిచేటప్పటికి మామ కూడా అప్పుడే తెరుస్తాండాడు.

"ల్యాప్‌టాప్ ఆన్ చేయండి."

మామ మిషను బండ మీద పెట్టినాడు. నేను వైరు పెట్టినాను. అది గాలి పీల్చుకుంది.

"ఇద్దరూ కొంచెం దగ్గరగా నిలబడండి."

"ఆయప్పను ఇట్ల రమ్మనండి సార్," అన్నాడు మామ, జీపు వైపు చూస్తా.

"నేను ఈడ్నే ఉండానని చెప్పండి సార్," అన్నాను.

కిరణ్‌కుమార్ ఆయన్ను చూసినాడు, నన్ను చూసినాడు. మా మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. "మీరిద్దరూ మాట్లాడుకోరా?"

"మాకు మాటలేం ఉంటాయి సార్," అన్నాడు మామ. "ఆయన ఎండిన బాయి అప్పజెప్తాడు, నేను మొహం చూసుకొని ఇంటికి పోతా."

"తలుపుకు బీగం ఎవురేసినారో అడగండి సార్," అన్నాను.

"వైరు ఎవురు దాచిపెట్టినారో అడగండి సార్."

"ముందు ఫోటో తీసుకుందాం," అన్నాడు కిరణ్‌కుమార్ అయోమయంగా. మిషను మీదికి వంగి, చిన్న పుల్ల లాంటిది పక్కన దోపి, చకచకా ఏదో ఒత్తినాడు. గుట్ట పోయింది. దాని జాగాలో నల్ల పైపు బొమ్మ, కంపెనీ పేరు, ఎర్ర అక్షరాలు.

"గుట్ట యాడబోయ?" అన్నాడు మామ.

"మా గుట్టను ఏం చేసినావు?" అన్నాను నేను.

రెండు మాటలూ ఒకేసారి వచ్చినాయి. కిరణ్‌కుమార్ ఉలిక్కిపడి లేచినాడు.

"గుట్టేంటి?"

"ఇప్పుడిదాకా ఈడ ఉండిన గుట్ట," అన్నాడు మామ. "పచ్చగా, వాలుగా ఉండాది చూడు, అది."

"ఓ, అదా? అది ఊరికే బొమ్మండీ, అన్ని కంప్యూటర్లలో ఉంటుంది. క్యాలెండర్‌కి మన కంపెనీ పేరు కనపడాలి కదా."

"అన్నిట్లో ఉంటే ఉండనీ," అన్నాను. "మాదాన్లో మాది ఉండాల."

"దీంట్లో పైపు ఎందుకప్పా? పైపులు ఎనక మడి నిండా ఉండాయి గదా, కావాల్సినన్ని తీసుకో," అన్నాడు మామ. "గుట్ట మాత్రం పెట్టు."

"పెట్టకపోతే ఫోటో ల్యా," అన్నాను. మామ నా పక్కకు వచ్చి నిలబడినాడు. ఫోటోకు కావాల్సినంత దగ్గరగా.

కిరణ్‌కుమార్ నుదురు తుడుచుకున్నాడు. బూట్లు అప్పటికే బురదలో దిగబడినాయి. మళ్లీ వంగి ఒత్తినాడు. గుట్ట వచ్చింది. మామ గబుక్కున ముందుకొంగి, అంతా సరిగ్గా ఉందా అని చూసి, వాలు చదునయ్యే మూలన వేలు పెట్టినాడు. ప్రతిసారీ గుర్తుండే చోటనే.

"ఆడ ఏముంది మామా?" అన్నాను. ఆ వారంలో ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అదే.

ఆయన కొంచెం సిగ్గుపడినాడు. "ఏంల్యా. బాయి తవ్వితే ఈడ తవ్వాలని. పల్లం గదా, నీళ్లు ఆగుతాయి."

"నేను గూడా ఆడ్నే అనుకుంటి."

"నిజంగానా?"

"వాలు మీద చీనీ పెట్టి, కింద ఆ మూలన బాయి."

"చీనీ సరే. చదునులో టమోటా. పైన గొర్రెలు," అన్నాడు మామ. మళ్లీ అంతలోనే మొహం ముడుచుకున్నాడు. "ఏం ఏసుకుంటే ఏం లాభంలే. ఆడ గూడా అడుగంటా తోడేటోడు ఉండనే ఉంటాడు."

అప్పుడే ఈరక్క, బీబమ్మత్త గంపలెత్తుకొని వచ్చినారు. ఫోటోకు పట్నమాయన వస్తాండాడంటే అన్నం పెట్టకుండా పంపుతారా? ఈరక్క గంప దించి చూసింది. బండ మీద గుట్ట వెలుగుతాండాది. ఆమె గబగబా వచ్చి, ఆ పలకను వేలితో తాకి, వేలు కండ్లకద్దుకుంది. కండ్లలో నీళ్లు తిరిగినాయి.

"మళ్లా ఎలిగింది గదా! అమ్మా తల్లీ! ఆ శుక్రారం సందకాడ ఇది ఆరిపోయినప్పట్నుంచి నా పానం పానంలో ల్యా అత్తా. ఆర్పొద్దని నేనే కూసున్నా దీని ముందర. నేనే తాకి తాకి ఎలిగిస్తాంటి. కరెంటు పాయ, నూనె అయిపోయినట్టు అయిపాయ. కాయ రాల్తాంటే అందుకే అనుకుంటి."

ఒట్టు పెట్టుకున్నది ఆమే, తెంచుకున్నదీ ఆమే. నేను పైపుల వైపు చూస్తా నిలబడినాను. మామ నా వైపు తిరిగినాడు.

"ఆ ఒక్క మాట చెప్తే నీ నోరేమన్నా అరిగిపోతాదా అల్లుడా?"

"ఒట్టు పెట్టించుకునింది మామా."

"ఆడమనిషి గుట్టు కాపాడ్డానికి ఇన్ని దినాలు చెట్లను ఎండబెట్టినావా?"

"బీగం నీ కాడ ఉండె గదా."

"ఉండె," అన్నాడు మామ. దగ్గినాడు.

బీబమ్మత్త నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంట్లో ఈయన ఏం చేస్తాండె తెలుసా? ఆ నల్ల అద్దం ముందర కూసోని, ఊరుతాదేమో సూద్దాం, ఊరుతాదేమో సూద్దాం అని తెల్లార్లూ మూత ఎత్తి సూసేది. నీడలో పెడితే ఊరుతాదని తొట్టి పక్కన గూడా పెట్టె. పిల్లి గూడా ఈయప్పను ఇడిసిపెట్టి పాయ."

"ఊరికే ఉండు," అన్నాడు మామ.

కిరణ్‌కుమార్ కెమెరా పైకెత్తినాడు. "నవ్వండి!" అన్నాడు. మేం నవ్వలేదు, మాకు అలవాటు లేదు. అయినా ఒక పట్టీ ఆయన, ఒక పట్టీ నేను పట్టుకున్నట్టే మిషనును చెరొక అంచూ పట్టుకొని నిలబడినాం. ముందర పచ్చగుట్ట, వెనక మా ఊరి ఎర్రగుట్ట. క్లిక్కుమంది. దాని మీద కంపెనీ పేరు తర్వాత అచ్చులో వేసుకుంటానని ఆయన ఎవరికో చెప్పినట్టు చెప్పుకున్నాడు.

ఫోటో అయినాక నేను ఫీజులు తీయబోయినాను. ఆ దినం వంతు ఎవరిదో తెలియాలి. మధ్యలో ఇన్నాళ్లు పోయినాయి. లెక్క తప్పింది. ఆయన వంతే కావచ్చు.

"ఉండనీ," అన్నాడు మామ. పైపుల కాడికి పోయి, తన టమోటా పక్క వాల్వు కట్టేసి, చీనీ పక్కది పూర్తిగా తెరిచినాడు. "టమోటా రేపైనా తాగుతాది. కాయ పడ్తాంటే నాకూ వినపడ్తాండాది, గట్టు ఈ పక్క దాకా."

నేను సరే అన్నాను. మిషను నుంచి వైరు పీకినాను. దాన్ని చుట్టి, తోక బిళ్ల ఉన్న మేకుకే తగిలించినాను. మామ చూసినాడు. నడుములోంచి బీగంచెవి తీసి, కాసేపు చేతిలో ఆడించి, దాన్నీ అదే మేకుకు వేసినాడు.

రూము నీడలో బండలు పరిచి ఉంటే ఆడ్నే అందరం కూర్చున్నాం. ఈరక్క జొన్నరొట్టెలు, వంకాయ కూర, చెనిగ్గింజల పచ్చడి పెట్టింది. బీబమ్మత్త అన్నం, చింతచిగురు పప్పు పెట్టింది. కిరణ్‌కుమార్ బూట్లు విప్పి, కాళ్లు ఎట్ల మడుచుకోవాలో తెలియక, ఒక్కొక్కటీ మడిచి కూర్చున్నాడు. తింటా తింటా, "ఇక్కడ వర్షపాతం ఎంత ఉంటుందండీ?" అని అడిగినాడు. మామ ఆయన ఆకులో ఇంకో రొట్టె వేసినాడు.

మోటరు తిరుగుతాండాది. చీనీ మొదళ్లలో నీళ్లు చుక్కచుక్కగా ఇంకుతా ఉండే సద్దు వినపడుతాండాది. మా మధ్యలో బండ మీద మిషను తెరిచే ఉండాది. కాసేపటికి గుట్ట మసకబారింది. మామ కుడిచెయ్యి పప్పన్నంలో ఉండాది. ఎడమచెయ్యి చాపి, ఒక వేలితో పలకను తాకినాడు. గుట్ట పచ్చగా వెలిగింది. ఆయన మళ్లీ తినసాగినాడు.

ఇంకోసారి మసకబారింది. ఈసారి ఆయన కదల్లేదు. నేను ఎడమచెయ్యి తుడుచుకొని తాకినాను.